నరం మీద కాయిల్: అయస్కాంత ప్రేరణ పరీక్ష చేస్తూ నేర్చుకున్నది – నా అనుభవం

పరీక్షకు వచ్చినవాళ్లు బల్ల ఎక్కకముందే అడిగే మాట ఒకటుంది. "కరెంటు పెడతారా?" నరాల పరీక్షను జనం కరెంటు పరీక్ష అనే అంటారు. ఒకసారి చేయించుకున్నవాళ్లు ఆ చురుకు మరిచిపోరు. "ఇది అయస్కాంతంతో చేసేదండీ" అంటే మొహం కాస్త తేటపడుతుంది. నేను చెప్పింది సగం నిజమే. చర్మానికి కరెంటు తగిలించం కానీ, లోపల నరాన్ని లేపి కండను కదిలించేది మాత్రం కరెంటే. అయస్కాంతం దాన్ని లోపలికి చేర్చే బండి, అంతే.

యంత్రంలో ఛార్జ్ దాచి ఉంచే కెపాసిటర్ సుమారు 2,800 వోల్టుల దాకా ఛార్జ్ అవుతుంది. మీట నొక్కగానే ఆ ఛార్జంతా కాయిల్‌లోకి, అంటే ఒంటి మీద ఆన్చే తీగ చుట్టలోకి, ఒక్క ఉదుటున దూకుతుంది. వేల ఆంపియర్ల కరెంటు 100 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరుతుంది. కాయిల్ ఉపరితలం దగ్గర అయస్కాంత క్షేత్రం 2 టెస్లాల (దాని బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా వస్తుంది. లెక్క కడితే సెకనుకు 20,000 టెస్లాల చొప్పున మారుతున్నట్టు. నరాన్ని కదిలించేది ఆ మారే వేగమే. ఎమ్మారై గదిలో 1.5 టెస్లాలోనో 3 టెస్లాలోనో అరగంట పడుకున్నా ఆ క్షేత్రం చిటికెన వేలిని కూడా ఆడించదు, ఎందుకంటే అది నిలకడగా ఉంటుంది. అక్కడ ఎప్పుడైనా వీపు కండ జివ్వుమంటే అది ఆ యంత్రంలోనే చకచకా మారే క్షేత్రాన్నిచ్చే గ్రేడియెంట్ కాయిళ్ల పని. మోకాలికి కట్టుకునే అయస్కాంత పట్టీలు నరాన్ని లేపలేనిదీ ఇందుకే.

1965లో బిక్‌ఫోర్డ్, ఫ్రెమ్మింగ్ కప్పల్లో, కుందేళ్లలో, మనుషుల్లో కూడా నరాలను ఇలా లేపి చూపించారు. 1982లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పోల్సన్, బార్కర్, ఫ్రీస్టన్ కలిసి చేతి నరాన్ని లేపి కండ స్పందనను రికార్డు చేశారు. అదే బృందం మెదడు మీద కాయిల్ పెట్టింది 1985లో. ఇవాళ మెదడు పరీక్షగా పేరుపడ్డ పద్ధతి మొదట చేతి నరం మీద సాధన చేసిందన్నమాట. అయితే చేతి నరం మీద ఇప్పుడు దీని అవసరం చాలా తక్కువ. మణికట్టు దగ్గర నరం చర్మం కిందే ఉంటుంది, మామూలు కరెంటు ప్రోబ్ ఆ పని చౌకగా, కచ్చితంగా చేసి పెడుతుంది. నేను కాయిల్ చేతిలోకి తీసుకునేది ప్రోబ్ అందుకోలేని చోట్ల: మెడ దగ్గర నరాల మూలాలు, గజ్జల్లోంచి తొడకు వెళ్లే ఫెమొరల్ నరం, అప్పుడప్పుడు ఊపిరి తీయించే కండ డయాఫ్రమ్‌కు వెళ్లే ఫ్రెనిక్ నరం. అందులో ఎక్కువగా చేసేది మెడే, కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు అడగాల్సినవి అడిగి, తీయాల్సినవి తీయించాలి. పేస్‌మేకర్, గుండెకు షాకిచ్చే పరికరం, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, ఒంట్లో మందు పంపు – వీటిలో ఏది ఉన్నా డాక్టరుగారితో మాట్లాడకుండా మొదలుపెట్టను. మెడ ఎముకలకు ప్లేటు వేయించుకున్నవాళ్ల సంగతీ అంతే. గర్భిణి అయితే వాయిదా వేస్తాం. ఫోను, ఏటీఎం కార్డు, వాచీ, చెవి మిషను పక్క గదిలో పెట్టాలి. పరీక్ష చేసేవాళ్ల వాచీ కూడా.

మెడ పరీక్షలో చిక్కు గొలుసుల దగ్గర వస్తుంది. మూసుకుని ఉన్న లోహపు వలయం కాయిల్ కింద ఉంటే అందులోనూ కరెంటు పుడుతుంది, వలయం కాయిల్ నుంచి దూరంగా నెట్టుకుంటుంది. నగ తీయమంటే చాలామంది మారుమాట లేకుండా తీస్తారు. మంగళసూత్రం దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోతుంది. అందుకే మా గదిలో పసుపు తాడూ పసుపు కొమ్మూ ఒక డబ్బాలో ఉంటాయి. "అమ్మా, ఇది కట్టుకుని అది మీవాళ్ల చేతికివ్వండి, పావుగంటలో మళ్లీ వేసుకుందురు" అంటే ఇబ్బంది ఉండదు. కాలి మెట్టెలు ఉండొచ్చు, కాయిల్‌కు అంత దూరంలో వాటికేమీ కాదు. నడుము దగ్గర పరీక్షయితే వెండి మొలతాడు తీయాల్సిందే. జడకు పెట్టిన పిన్నులు, స్లైడ్లు తీయించి, జడను ముందుకు వేయించాలి. ఇది లోహం కోసం మాత్రమే కాదు. కొప్పో జడో కాయిల్‌కూ మెడకూ మధ్య వేలెడు సందు చేస్తుంది. కాయిల్ నుంచి దూరం పెరిగే కొద్దీ క్షేత్రం వేగంగా పడిపోతుంది కనుక ఆ సందు వల్ల సగం బలం గాల్లోనే పోతుంది.

కండ స్పందనను రికార్డు చేయడం మామూలు నరాల పరీక్షలో లాగే. చిటికెన వేలి వైపు అరచేతి అంచున ఉండే కండ మీద ఒక ఎలక్ట్రోడ్, చిటికెన వేలి మొదటి కణుపు మీద రెండోది. ఎర్త్ ముంజేతికి, అంటే కాయిల్‌కూ రికార్డింగ్‌కూ మధ్యలో. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఇంపిడెన్స్ (కరెంటుకు చర్మం దగ్గర వచ్చే అడ్డు) 5 కిలో ఓమ్‌ల లోపు తెచ్చుకుంటాను. జెల్ ఎక్కువ పూస్తే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అది వంతెనలా కలిసిపోయి స్పందన చిన్నదిగా కనిపిస్తుంది. ఏసీ గదిలో చెయ్యి చల్లబడుతుంది. చర్మం 32 డిగ్రీల కన్నా తక్కువుంటే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పెట్టించాకే మొదలు. ఒక డిగ్రీ తగ్గితే నరం వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు పడిపోతుంది, ఆ తర్వాత ఎన్ని దశాంశాలు రాసినా దండగ.

తీగల సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఎలక్ట్రోడ్ల రెండు తీగలూ విడివిడిగా పరుచుకుని ఉంటే వాటి మధ్య ఖాళీ పెద్ద వలయమవుతుంది. కాయిల్ పేలినప్పుడు ఆ వలయమూ కరెంటు పట్టుకుంటుంది. తెరమీద గీత నిట్టనిలువుగా లేచి, దిగడానికి చాలా మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అసలు స్పందన ఆ వాలులో మునిగిపోతుంది. రెండు తీగలనూ జడలా మెలిపెట్టి, చేతి వెంబడే దించి, కాయిల్ కేబుల్‌కు దూరంగా పోనిస్తే సగం రోగం కుదురుతుంది. మిగతాది ఎర్త్ చూసుకుంటుంది.

ఇంకో పొరపాటు తెరమీద కనిపించదు కాబట్టి ప్రమాదం. కాయిల్ యంత్రం నుంచి, కండ స్పందనను రికార్డు చేసే ఈఎంజీ మిషనుకు, కాయిల్ పేలిన క్షణాన్ని తెలిపే ట్రిగర్ కేబుల్ వెళ్తుంది. ట్రిగర్ పల్స్ లేచే అంచు దగ్గర తెర మొదలవ్వాలా, పడే అంచు దగ్గరా అనేది సెట్టింగ్‌లో ఉంటుంది. అది తప్పితే పల్స్ ఎంత వెడల్పుంటే అన్ని మిల్లీసెకన్లు ప్రతి కొలతలోనూ తేడా వస్తుంది. అన్నిట్లోనూ ఒకే తేడా కాబట్టి స్పందనలు నీటుగానే ఉంటాయి, అనుమానం రాదు. మనిషి మీద పెట్టే ముందు రికార్డింగ్ తీగల దగ్గర కాయిల్‌ను తక్కువ బలంతో ఒకసారి పేల్చి, దాని వల్ల తెరమీద లేచే గీత (ఆర్టిఫాక్ట్) సరిగ్గా సున్నా దగ్గర పడిందో లేదో చూసుకోవడం నా అలవాటు. మిషనుకు సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున అయితే తప్పకుండా చూస్తాను.

మొదట మణికట్టు దగ్గర మామూలు కరెంటుతో చిటికెన వేలి వైపు వెళ్లే అల్నర్ నరాన్ని పూర్తి బలంతో లేపి, స్పందన పరిమాణం, లేటెన్సీ (కొట్టిన క్షణం నుంచి స్పందన వచ్చేదాకా పట్టే సమయం) రాసుకుంటాను. అక్కడే ఎఫ్ వేవ్‌లు (నరం వెంట వెన్నుపాము దాకా ఎక్కి, తిరిగి కండకు దిగే స్పందనలు) 20 తీస్తాను. ఇవి లేకుండా మెడ దగ్గర వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ తర్వాత మెడ.

"నరం ఇక్కడ కదా బాబూ కనపడతంది, మెడ మీద ఎందుకు?" అని ఒక పెద్దాయన చేతి మీద నీలంగా ఉబ్బిన గీతను చూపించాడు. తెలుగులో రక్తనాళాన్నీ నరమే అంటాం, సూది గుచ్చే నర్సమ్మ కూడా "నరం దొరకట్లేదు" అనే అంటుంది. "అది నెత్తురు పోయేది పెద్దాయనా, ఇది కబురు మోసేది, మెడలోంచి దిగుతుంది" అంటే సరిపోతుంది.

కూర్చోబెట్టి, బల్ల మీద చేతులు మడిచి, వాటి మీద నుదురు ఆన్చమంటాను. మెడ వంచినప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా బయటికి పొడుచుకొచ్చే ఎముక ఏడో వెన్నుపూసది. 90 మిల్లీమీటర్ల గుండ్రటి కాయిల్ మధ్యభాగం దాని మీదకు రావాలి.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. గుండ్రటి కాయిల్ నడిమధ్యలో అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటుంది కానీ, కణజాలంలో పుట్టే విద్యుత్ క్షేత్రం అక్కడ సున్నా. అది గరిష్ఠంగా ఉండేది చుట్లు ఉన్న చోట, గాజు ఆకారంలో. 90 మిల్లీమీటర్లనేది ఆ చుట్ల సగటు వ్యాసం. నా చేతిలో ఉన్న కాయిల్‌లో చుట్లు లోపల 66 నుంచి బయట 123 మిల్లీమీటర్ల దాకా పరుచుకుని ఉంటాయి. నరం ఎక్కడుందో వెతికి పట్టి, సరిగ్గా దానిమీద కాయిల్ రంధ్రం పెట్టి, ఏమీ రావడం లేదని యంత్రం బలాన్ని 100 శాతానికి పెంచినవాళ్లను చూశాను. కాయిల్‌ను నాలుగు సెంటీమీటర్లు పక్కకు జరిపితే 50 శాతానికే వేలు ఎగిరిపడుతుంది. మెడ మధ్యలో రంధ్రం పెట్టేది అందుకే. అలా పెడితే చుట్ల అంచులు రెండు పక్కలా నరాలు బయటికొచ్చే దారుల మీదకు వస్తాయి.

కాయిల్‌కు ఎ, బి అని రెండు వైపులుంటాయి. ఒకే దిశలో పోయే పల్స్ ఇచ్చే యంత్రంలో వైపు తిప్పితే కరెంటు దిశ తిరుగుతుంది, కుడి చేతికీ ఎడమ చేతికీ తేడా వస్తుంది. రెండు వైపులా పెట్టి చూసి, ఏది పెద్ద స్పందన ఇస్తే దాన్ని ఉంచుతాను. ఏ వైపో రాసి పెడతాను.

40 శాతంతో మొదలుపెట్టి 10 చొప్పున పెంచుతాను. చాలామందిలో 60–70 దగ్గర చక్కటి స్పందన వస్తుంది. లేటెన్సీ 13 మిల్లీసెకన్ల అటూ ఇటూ, మనిషి పొడవును బట్టి. చప్పుడు గట్టిగా, చిటుక్కుమని వస్తుంది. చెవుల్లో ప్లగ్గులు పెట్టాలి, వాళ్లకూ మనకూ. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి కొట్టడం నేను మానేశాను. రెండు అనేసరికి భుజాలు బిగుసుకుంటాయి.

నరం ఎక్కడ లేస్తోందో తేల్చే పరీక్ష ఇప్పుడు. కాయిల్‌ను ఒక సెంటీమీటరు పైకి, కిందికి, పక్కకి జరుపుతాను. స్పందన పరిమాణం మారుతుంది, లేటెన్సీ మాత్రం కదలదు. చెరువు నిండా నీళ్లున్నా బయటికి పోయే దారి తూము ఒక్కటే. నీళ్ల ఉరవడి అంతా తూము దగ్గరే కనిపిస్తుంది. వెన్నుపూసల మధ్య నరం బయటికొచ్చే రంధ్రం అలాంటిదే. చుట్టూ ఎముక కరెంటును సరిగా పోనివ్వదు, పుట్టిన కరెంటంతా ఆ ఇరుకు దారిలో ఒత్తుకుంటుంది, నరం అక్కడే లేస్తుంది. కాయిల్ ఎటు జరిగినా తూము జరగదు కదా. జరిపినప్పుడు లేటెన్సీ గభాలున తగ్గితే మీరు లేపుతున్నది మూలాన్ని కాదు, ఇంకా కిందనున్న నరాల గుంపును. బలం 60 నుంచి 90కి పెంచినప్పుడు ఉన్నట్టుండి తగ్గినా అంతే అర్థం. వేలిని కొద్దిగా బిగించమని కూడా చూస్తాను. మెదడు మీద కొట్టినప్పుడు బిగింపుతో స్పందన పెరిగి లేటెన్సీ తగ్గుతుంది, మూలం దగ్గర ఆ మార్పు ఉండకూడదు.

లేచే చోటు రంధ్రం దగ్గరే కాబట్టి, వెన్నుపాము నుంచి రంధ్రం దాకా ఉన్న ముక్క ఈ కొలతలోకి రాదు. ఇది గుర్తుపెట్టుకోకపోతే వెన్నుపాము జబ్బు లేనివాళ్లకు ఉన్నట్టు రాసేస్తాం. ఒక ఉదాహరణ లెక్క చూడండి. మెదడు మీద కొడితే 20.5 మిల్లీసెకన్లు, మెడ మీద 13.1. తీసేస్తే కేంద్ర మార్గానికి, అంటే మెదడు నుంచి మెడ దాకా, 7.4. అదే మనిషిలో మణికట్టు లేటెన్సీ 2.9, అతి తక్కువ ఎఫ్ వేవ్ 27.0. ఎఫ్ వేవ్, మణికట్టు లేటెన్సీ కలిపి 1 తీసేసి సగం చేస్తే 14.45. ఈ లెక్కన కేంద్ర మార్గం 6.05 మాత్రమే. మధ్యలో మాయమైన 1.35 మిల్లీసెకన్లే ఆ చిన్న ముక్క. మెడ ఎముకలు అరిగి మూలం ఒత్తుకుపోయినవాళ్లలో ఈ తేడా పెరుగుతుంది. కాయిల్ అంకె ఒక్కటే చూసుకున్నవాళ్లు దాన్ని వెన్నుపాము ఖాతాలో రాస్తారు. రెండు లెక్కలూ పక్కపక్కన రాస్తే డాక్టరుగారికి ఏ ముక్కలో జాప్యమో తెలుస్తుంది.

నన్నడిగితే ఈ పరీక్షలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు స్పందన పరిమాణాన్ని నమ్మడం. మణికట్టు దగ్గర కరెంటుతో 11 మిల్లీవోల్టులు వచ్చి, మెడ దగ్గర కాయిల్‌తో 5 వచ్చాయనుకుందాం. చూడగానే "మధ్యలో ఎక్కడో దారి మూసుకుపోయింది" అనాలనిపిస్తుంది. కరెంటు ప్రోబ్‌తో మణికట్టు దగ్గర నరంలోని అన్ని పోగులూ లేచాయని రూఢి చేసుకోవచ్చు. కాయిల్‌తో మెడ దగ్గర 100 శాతంలో కూడా అన్నీ లేచాయని చెప్పలేం. పైగా పక్క మూలాలూ కలిసి లేస్తాయి, వాటి కండల స్పందన కూడా ఎలక్ట్రోడ్ల దాకా పాకుతుంది. అంచేత అంకె అసలు కన్నా తక్కువైనా ఉండొచ్చు, ఎక్కువైనా ఉండొచ్చు. ఈ ఒక్క అంకె పట్టుకుని కండక్షన్ బ్లాక్ (నరంలో కబురు మధ్యలో ఆగిపోవడం) అని రాస్తే, రోగి లక్షల ఖర్చయ్యే ఐవీఐజీ (యాంటీబాడీల) ఇంజెక్షన్ల దాకా వెళ్లొచ్చు. నా రిపోర్టులో మూలం దగ్గరి పరిమాణం రాస్తాను కానీ, దానిమీద అభిప్రాయం రాయను. లేటెన్సీ మీద మాత్రమే రాస్తాను.

ఇదే కారణంతో ముంజేతిలో కాయిల్‌తో వేగం కొలవడం కూడా నాకు నచ్చదు. నిటారుగా పోయే నరంలో లేచే చోటు విద్యుత్ క్షేత్రం గరిష్ఠంగా ఉన్నచోట కాదు, నరం వెంబడి అది బాగా మారే చోట. 8 అంకె ఆకారపు కాయిల్‌లో రెండు చుట్టలు కలిసే కూడలి కింద క్షేత్రం ఎక్కువ, నరం లేచేది దానికి కొన్ని సెంటీమీటర్ల పక్కన. కాయిల్ తిప్పి పెడితే ఆ చోటు రెండో పక్కకు దూకుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో 2 సెంటీమీటర్ల తప్పంటే 10 శాతం. 55 ఉన్న వేగం 50 అవుతుంది, లేదా 60 అవుతుంది. పైగా మణికట్టు దగ్గర మీడియన్, అల్నర్ నరాలు రెండూ కలిసి లేస్తాయి. గీత పైకి లేచే ముందు కొంచెం కిందికి గుంట పడితే పక్క నరం కూడా లేచిందని అనుమానించాలి.

కాయిల్ నిజంగా గెలిచే చోటు తొడ. ఫెమొరల్ నరాన్ని లేపి, తొడ ముందు కండ ఎంత బలంగా లాగుతుందో కొలవడం. రోగి ప్రయత్నంతో పని లేదు కాబట్టి ఐసీయూలో నెలల తరబడి ఉన్నవాళ్లకూ, ఊపిరితిత్తుల జబ్బుతో నీరసించినవాళ్లకూ పనికొస్తుంది. లండన్‌లో పోల్కీ బృందం 1996లో ప్రచురించిన పద్ధతి ఇది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు బల్ల అంచున 90 డిగ్రీలు వేలాడేట్టు, చీలమండకు పట్టీ కట్టి బలం కొలిచే గేజికి తగిలించాలి. పట్టీ వదులుగా ఉంటే మొదటి కుదుపు దానిలోనే ఇంకిపోతుంది. గజ్జల్లో నాడి తడిమి, దానికి కాస్త బయటి పక్కన 70 మిల్లీమీటర్ల ఎనిమిది కాయిల్‌ను అదిమి పెడతాను. 80, 85, 90, 95, 100 శాతాల దగ్గర వరుసగా చూడాలి. 95కూ 100కూ మధ్య బలం ఇంకా పెరుగుతోందంటే అన్ని పోగులూ లేవలేదు, ఆ అంకె వాడకూడదు. కడుపు కొవ్వు గజ్జల మీదకు వాలినవాళ్లలో ఇలా ఎక్కువ జరుగుతుంది, పొట్టను ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుంటే కొంత నయం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 10 కిలోల దరిదాపు వస్తుంది.

దీనికి ముందు 20 నిమిషాలు కాళ్లు కదపకుండా ఉండాలి. రోగి మెట్లెక్కి వచ్చి వెంటనే పడుకుంటే కుదుపు అసలు కన్నా ఎక్కువొస్తుంది. ఇప్పుడే పనిచేసిన కండ కాసేపు ఎక్కువ లాగుతుంది. బిగుసుకున్నాక వచ్చే అంకె చూసి "బలం బాగుంది" అని రాయడం, వచ్చేసారి విశ్రాంతిగా కొలిచి "తగ్గింది" అని రాయడం, రెండూ జరుగుతుంటాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య 30 సెకన్లు ఆగుతాను.

ఫ్రెనిక్ నరానికి కూడా మెడ మీద అదే గుండ్రటి కాయిల్ పనికొస్తుంది. సిమిలోవ్‌స్కీ 1989లో చూపించిన పద్ధతి. చేతుల నరాలూ కలిసి లేచి భుజాలు ఎగిరిపడతాయని ముందే చెప్పకపోతే కుర్చీలోంచి లేచి నిలబడతారు. నడుము కింది మూలాలకు గుండ్రటి కాయిల్ పెట్టొచ్చు కానీ స్పందనలు చిన్నవి, నమ్మకం తక్కువ.

వరసగా పల్స్‌లు ఇచ్చే చికిత్స సంగతి వేరు. బిగుసుకున్న కండలకూ, మూత్రం ఆగని ఇబ్బందికి కుర్చీలో కూర్చోబెట్టి కటి కండలకూ ఇస్తారు. అమెరికాలో ఆ కుర్చీకి ఎఫ్‌డీఏ (మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతి 1998లో వచ్చింది. అక్కడ పెద్ద శత్రువు వేడి. సెకనుకు 20 పల్స్‌లు ఇస్తే మామూలు కాయిల్ నిమిషాల్లో కాగిపోతుంది, చల్లబరిచే కాయిల్ కావాలి. పరీక్షకు వాడే కాయిల్ కూడా పూర్తి బలంతో వరసగా కొడితే వేడెక్కుతుంది. మా యంత్రం 40 డిగ్రీల దగ్గర తనే ఆగిపోతుంది, అందుకని రెండో కాయిల్ పక్కన పెట్టుకుంటాం. మార్చేటప్పుడు యంత్రాన్ని డిజార్మ్ చేసి (పేలకుండా ఆపి), లైటు ఆరాకే కనెక్టరు మీద చెయ్యి. చిటుకు శబ్దం ఎప్పటిలా కాక బొంగురుగా వినిపించినా, కాయిల్ తొడుగు మీద సన్నటి పగులు కనిపించినా ఆ రోజు ఆ కాయిల్ బీరువాలోకే.

రిపోర్టులో చివరి పేరాలో నేను రాసేవి: ఏ కాయిల్, ఏ వైపు, మధ్యభాగం ఎక్కడ, ఎంత శాతం, చర్మం ఎన్ని డిగ్రీలు. శాతం పక్కన యంత్రం మోడల్ కూడా రాస్తాను, ఎందుకంటే ఒక యంత్రంలో 70 ఇంకో యంత్రంలో 70 కాదు. ఆర్నెల్ల తర్వాత అదే మనిషి మళ్లీ వస్తే ఆ కాగితం ముందు పెట్టుకుని, అదే కాయిల్, అదే వైపు, అదే చోటు నుంచి మొదలుపెడతాను.